ఇరవై రెండో పేరు

“ఫ్లెక్సీ ఏది చెల్లె?”

గుమ్మం అవతల నిలబడి రఘుపతి రెండోసారి అడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు వినోద చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తలేదు. ఈసారి ఎత్తింది.

“నేనే దించిన అన్నా. మలిచి మంచం కింద పెట్టిన.”

రఘుపతి వెనక నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూరత్‌లోని లింబాయత్‌లో ఆ గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి గల్లీ మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి ఇంటికి పోయి పడుకుంటే, తెల్లారేసరికి వట్టి వెదురుబొంగులు మిగిలాయి. తెలుగు సమాజ్ అధ్యక్షుడి పరువు ఏం కావాలి? ఆ బాధంతా రఘుపతి మొహంలో కనిపిస్తోంది, పాపం.

“సంపత్ ఫోటో మంచిగ రాలేదా ఏంది?”

“ఫోటో మంచిగనే వచ్చింది. కింద రాసిన మాటనే మంచిగ లేదు.”

కింద రాసిన మాట ‘పరమవీర చక్ర సంపత్’. దాని పక్కన చేతులు జోడించిన రఘుపతి బొమ్మ కూడా ఉంది. అది సంపత్ బొమ్మ కన్నా వేలెడు పెద్దది. ఆ సంగతి వినోద ఎత్తలేదు. ఎత్తితే అసలు మాట పక్కదారి పడుతుందని ఆమెకు తెలుసు.

“నీ మొగన్ని నలుగురు గొప్పగ చెప్పుకుంటె నీకెందుకు కష్టమైతుంది చెల్లె?”

“ఆయనకు ఆ చక్రం ఇయ్యలే అన్నా. ఇయ్యనిదాన్ని ఇచ్చిండ్రని రాస్తె అది గొప్పగ చెప్పుడు గాదు.”

“ఇయ్యలేదని ఈడ ఎవలకెరుక? అందరు మగ్గాల మీద, మిల్లులల్ల పని చేసెటోళ్ళం. ఎవడన్న ఢిల్లీకి ఫోన్ జేసి అడుగుతడా?”

“నాకెరుక.”

రఘుపతి చెడ్డవాడు కాదు. గల్లీలో ఎవరింట్లో చావు జరిగినా అందరికన్నా ముందు వచ్చి నిలబడేది అతనే. సంపత్ శవపేటిక వచ్చిన రోజు రైల్వే స్టేషన్ నుంచి గల్లీదాకా జనాన్ని పోగుచేసింది కూడా అతనే. కాకపోతే ఏ మంచి పని చేసినా పది మందికీ వినిపించేలా చేయాలన్నది అతని పట్టుదల.

అతను గొంతు తగ్గించాడు. “జర సోంచాయించు. రేపు జెండా ఎగరేసినంక కార్పొరేటర్ వస్తుండు. నీ బిడ్డ మనోజ్ఞ స్పీచ్ ఇస్తది. ఆఖర్ల బ్రహ్మచారి కాకా చేసిన చక్రాన్ని కార్పొరేటర్ చేతుల మీదికెల్లి పిల్ల మెడల ఏపిస్తం. గక్కడనే నేను అర్జీ పెడ్త, ఈ గల్లీకి సంపత్ పేరు పెట్టమని. నలబై ఏండ్ల సంది ఉంటున్నం. ఈ ఊర్ల ఒక్క సడక్‌కన్న మనోని పేరున్నదా?”

“పేరు పెట్టుండ్రి. సంపత్ గల్లీ అనుండ్రి. నేను గూడ వచ్చి చప్పట్లు కొడ్త. ఆ చక్రం మాట మాత్రం వద్దు.”

“ఆ మాట లేకుంటె అర్జీ ఎవడు సదువుతడు?” అన్నాడు రఘుపతి చిరాగ్గా. “ఫౌజ్‌ల సచ్చినోళ్ళు మస్తు మందున్నరు.”

అనకూడని మాట అన్నానని అతనికి వెంటనే తెలిసింది. నిచ్చెన పట్టుకున్నవాళ్ళు నేల చూపులు చూశారు. వినోద చేట కింద పెట్టి లేచి నిలబడింది.

“అవునన్నా, మస్తు మందున్నరు. అండ్ల ఒక్కడు నా మొగడు. నా బిడ్డతోని రేపు మైకుల అబద్ధం చెప్పియ్య. నువ్వు ఎన్ని ఫ్లెక్సీలు కడితె అన్ని దించుత.”

“సాయంత్రం ఐదింటికల్ల కొత్తది వస్తది. ఇంట్ల పెద్దలున్నరు, వాళ్ళు చెప్పినట్టు చేస్త,” అని రఘుపతి లోపలికి వినిపించేలా అన్నాడు. నిచ్చెన ముందు పోయింది, అతను వెనక పోయాడు.

లోపల ఆ పెద్దలిద్దరూ అంతా విన్నారు.

ఉన్నది ఒక్క గది. దానికి ఒక పక్క వంట, ఒక పక్క మంచం. మంచం మీద అత్త వెంకటవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మామ బ్రహ్మచారి కింద చాప మీద కూర్చుని ఒళ్ళో గుడ్డముక్క పరుచుకుని, దాని మీద చక్రాన్ని పెట్టుకుని తుడుస్తున్నాడు. పొద్దున్నుంచి తుడుస్తూనే ఉన్నాడు.

“అయిపోయిందా నీ పంచాయతి?” అంది వెంకటవ్వ గోడతోనే. “బజార్ల నిలబడి నా కొడుకు గొప్పోడు గాదు, గొప్పోడు గాదు అని కూతలు పెట్టినవు. సల్లగున్నదా కడుపుల?”

“గొప్పోడు గాదని నేనెప్పుడన్న అత్తమ్మా?”

“ఇంకెట్లంటరు? ఉత్తుత్తి సిపాయి అన్నవు. శత్రువులు సంపిన నా కొడుకును ఉత్తుత్తోడన్నవు.”

వినోద నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. సంపత్ పోయినప్పటి నుంచీ, ఆరేళ్ళుగా, ఆమె నోరు మూసుకుంటున్నది సరిగ్గా ఈ మాట దగ్గరే.

ఈ గొడవకంతా మూలం మనోజ్ఞ ఉపన్యాసం. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అందుకని తెలుగు మాటలనే హిందీ అక్షరాల్లో రాసుకుని, వారం కిందట తాతను కూర్చోబెట్టి చదివి వినిపించింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం పరమవీర చక్ర. తెల్లవాళ్ళ కాలంలో వాళ్ళ రాణి పేరు మీద ఉన్న పతకం ఇచ్చేవారు. వాళ్ళు పోయాక మనకంటూ ఒకటి కావాలనుకున్నారు. దాని బొమ్మ గీసింది ఒక ఆడమనిషి. ఎక్కడో యూరప్‌లో పుట్టి, మన సైన్యంలో అధికారిని ప్రేమించి పెళ్ళి చేసుకుని, మన పురాణాలన్నీ చదువుకుంది. వృత్రాసురుణ్ణి చంపడానికి దధీచి మహర్షి తన ఎముకలే ఇచ్చేస్తే వాటితో ఇంద్రుడికి వజ్రాయుధం చేశారు కదా, ఆ వజ్రాయుధాన్ని నాలుగు దిక్కులా నాలుగుసార్లు చెక్కించింది. మొదటి చక్రం అందుకున్న మేజరు, విరిగిన చేతికి కట్టు కట్టుకునే యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఇప్పటిదాకా అది వచ్చింది ఇరవై ఒక్కరికే.

బ్రహ్మచారి అంతా బుద్ధిగా విన్నాడు. ఒక్కచోట మాత్రం పిల్లను ఆపాడు.

“దేంతోని చేస్తరంటివి?”

“బ్రాంజ్ తాతా. హిందీల కాంస్య.”

“బంగారం గాదా? ఎండి గూడ గాదా?”

“కాదు తాతా, బస్, అంతే, కాంస్య.”

“కాంస్యమంటె కంచు గదనే,” అన్నాడు బ్రహ్మచారి. ఆ తర్వాత పిల్ల చదివింది ఒక్క ముక్క కూడా అతని చెవికి ఎక్కలేదు.

బ్రహ్మచారిది జగిత్యాల దగ్గర కంచరి ఇల్లు. తాతల నాటి నుంచి కంచాలు, చెంబులు, గుడి గంటలు, విగ్రహాలు పోత పోసిన వంశం. ఊళ్ళన్నిటికీ స్టీలు వచ్చి పడ్డాక కంచం కొనేవాడు లేక సూరత్ వచ్చి, కొన్నాళ్ళకు మగ్గాల స్పేర్ పార్టులు పోసే కార్ఖానాలో చేరాడు. ఇన్నేళ్ళకు తన మనవరాలి నోట, దేశంలోకెల్లా పెద్ద గౌరవం తన లోహంతోనే చేస్తారన్న మాట వినిపించింది. ఆ ముసలాయనకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు ఇంట్లో సంపత్ కంచం కనిపించలేదు. కొడుకు అన్నప్రాశనకు తన చేతులతో పోసిన కంచం అది. సంపత్ సెలవుకు వచ్చినప్పుడల్లా వినోద అందులోనే వడ్డించేది. మూడో రోజున బ్రహ్మచారి కార్ఖానా నుంచి వస్తూ ఆ కంచాన్ని కరిగించి చక్రంగా పోసి తెచ్చాడు. రఘుపతి బట్టల దుకాణంలోని ఊదారంగు పట్టీ కట్టి మరీ తెచ్చాడు.

అది చూసి వినోద ఏడ్చింది. కోపంతో కాదు. అంత బాగుంది అది. ఇంట్లోనే ఫోటోకు వేసుకుని ఉంటే ఆమె ఒక్క మాట అనకపోయేది. కానీ రఘుపతి దాన్ని చూశాడు, మనోజ్ఞ ఉపన్యాసం విన్నాడు, రెండింటినీ ముడిపెట్టి చివర రెండు వాక్యాలు తనే రాసిచ్చాడు: ‘ఇరవై ఒక్కరి పేర్లు అందరికీ తెలుసు. ఇరవై రెండో పేరు మా నాన్నది.’

“మామా,” అంది వినోద చాప దగ్గర కూర్చుంటూ. “నువ్వన్న చెప్పు రఘుపతన్నకు. నువ్వు చెప్తె వింటడు.”

బ్రహ్మచారి గుడ్డ ఆపలేదు. “ఏమని చెప్పాలె బిడ్డా?”

“ఇది నువ్వు పోసింది, సర్కారు ఇచ్చింది గాదు అని.”

“పోసేటప్పుడు విగ్రహం గూడ వట్టి కంచే. గుళ్ళె పెట్టి నలుగురు మొక్కినంక దేవుడైతడు. రేపు నలుగురి నడుమ పిల్ల మెడల పడితె ఇది గూడ నిజమైతది.”

మాట వరసకు అన్న మాట కాదది. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడు. పుట్టినప్పటి నుంచీ వట్టి లోహం దేవుడు కావడం చూస్తూ వచ్చినవాడికి అందులో తప్పేమీ కనిపించలేదు. వినోద కాసేపు ఆలోచించింది. ఈయనతో సర్కారు, గెజెట్టు అంటే లాభం లేదు.

“నువ్వు ఎన్ని విగ్రహాలు పోసినవు మామా?”

“మస్తు పోసిన.”

“అండ్ల ఒక్కటన్న ఎవలు అడగకముందె పోసినవా?”

గుడ్డ ఆగింది.

“నువ్వే చెప్పినవు గద. ఊరోళ్ళు తాంబూలం పట్టుకొచ్చి, మాకు దేవుడు గావాలె అని అడిగినంకనే అచ్చు చేసే మైనం ముట్టుకుంటరని. అడగకుండ పోస్తె అది బొమ్మ అయితది గని దేవుడు గాదని. మరి దీన్ని ఎవలడిగిండ్రు?”

పక్క కార్ఖానాలో మగ్గాలు దడదడమంటున్నాయి. అవి ఎప్పుడూ అంటూనే ఉంటాయి కాబట్టి ఆ ఇంట్లో వాటిని ఎవరూ పట్టించుకోరు.

“అడగాల్సినోళ్ళు అడగలే బిడ్డా,” అన్నాడు చివరికి. “గందుకే నేను పోసిన.”

గెలిచానని వినోద అనుకున్న వాదన ఒక్క మాటతో కూలిపోయింది. సంపత్ పేరు ఏదో గౌరవానికి పంపామని శవపేటికతో వచ్చిన అధికారి చెప్పాడు. తర్వాత ఏ సంగతీ రాలేదు. ఆమె ఎదురుచూడటం మానేసింది గానీ ఈ ముసలాయన మానలేదు. గడప దగ్గర పోస్ట్‌మన్ సైకిలు ఆగినప్పుడల్లా ఈయన ఎందుకు లేచి నిలబడేవాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. అయినా మనసు మార్చుకోలేదు.

మధ్యాహ్నం బడి నుంచి మనోజ్ఞ వచ్చింది. బ్యాగు మూలకు విసిరి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, “మమ్మీ, గల్లీ బాహర్ పోస్టర్ ఎందుకు లేదు?” అని అడిగింది.

“నేను దించిన.”

“క్యూఁ? నా ఫ్రెండ్స్ అందరు చూడనీకి వస్తమన్నరు.”

“నీ స్పీచ్‌ల ఆఖరి రెండు మాటలు గూడ తీసేస్తున్నం మనూ. ఇరవై ఒక్కరు అని చెప్పి నమస్తే పెట్టి దిగిపో.”

పిల్ల మొహం మాడిపోయింది. “ఆఖరిదే మెయిన్, మమ్మీ. అక్కడే అందరు చప్పట్లు కొడ్తరు. రిహార్సల్‌ల రఘుపతి అంకుల్ ఏడ్చిండు.”

“నాన్నకు ఆ చక్రం రాలేదని నీకెరుక గద?”

మనోజ్ఞ తల దించుకుంది. ఆ ఇరవై ఒక్క పేర్లూ కంఠతా పట్టిన పిల్ల అది. అందులో తండ్రి పేరు లేదని అందరికన్నా బాగా తెలిసింది దానికే.

“ఎరుకే,” అంది మెల్లగా. “మరి పప్పా ఏం చేసిండని చెప్పాలె నేను? స్కూల్‌ల అడుగుతరు. హీరో అంట, ఏం చేసిండు అంటరు. నాకు తెల్వది. నువ్వు ఎప్పుడు చెప్పలే. బాపమ్మ ఏమొ శత్రువులు చంపిండ్రు అంటది. ఏ యుద్ధంల అంటె ఎవరికి తెల్వది. గీ లైన్ అయితె మంచిగుంటది, ఇంక ఎవరు ఏం అడగరు.”

పిల్ల అబద్ధం కోసం ఆశపడలేదు. నిజం చెప్పేవాళ్ళు లేక అబద్ధాన్ని పట్టుకుంది. ఆ మాట వినోదకు సూటిగా తగిలింది. తప్పు రఘుపతిది కాదు, మామది కాదు. ఈ ఇంట్లో నిజం తెలిసిన మనిషి తనొక్కతే, తనే నోరు కుట్టుకుని కూర్చుంది. ఇక కూర్చోదు.

“ఇటు రా, కూసో,” అంది. మంచం వైపు తిరిగి, “అత్తమ్మా, నువ్వు గూడ ఇను. మళ్ళ మళ్ళ చెప్ప,” అంది.

వెంకటవ్వ కదల్లేదు. అయినా ఆ వీపు వింటోందని వినోదకు తెలుసు.

“పెట్టెతోని వచ్చిన సారు ఆ దినం నాకొక్కదానికే చెప్పిండు. మీ నాయిన పోయిన దినం ఆడ శత్రువు ఎవలు లేకుండె. తుపాకి పేలలే. మంచు కొండ మీద పోస్టు అది. కొండ మీదికెల్లి మంచు విరిగి రేకుల షెడ్డు మీద పడ్డది. మీ నాయిన బయట ఉండె. పారతోని తవ్వి ఒక్కన్ని గుంజిండు. మళ్ళ పోయి రెండో ఆయన్ని గుంజిండు. ఇంక పోవద్దు, ఇంకోసారి విరిగెటట్టున్నదని పెద్దసారు చెప్పిండట. లోపల ఇంకొకడున్నడు సార్ అని మీ నాయిన మళ్ళ పోయిండు.”

“ఎవరు మమ్మీ లోపల? ఆఫీసరా?”

వినోద ఒక్క క్షణం ఆగింది. ఆరేళ్ళుగా ఆగింది ఇక్కడే.

“గాదు. సిపాయి గూడ గాదు. కిరసనాయిలు డబ్బాలు మోసెటోడు. ఆ కొండల మనిషి. కూలి.”

మంచం కిర్రుమంది. వెంకటవ్వ లేచి కూర్చుంది. జుట్టు రేగి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె కోడలి మొహంలోకి చూసింది.

“కూలోడా?”

“అవునత్తమ్మా. ఆ మనిషిని బయటికి నూకిండు. అప్పుడే రెండోసారి మంచు పడ్డది. ఈయన బయటికి ఎల్లలే.”

“దేశం కోసం సచ్చిండని ఆరేండ్లు చెప్పుకున్న,” అంది వెంకటవ్వ. “గల్లీల తలెత్తుకొని చెప్పుకున్న. డబ్బాలు మోసేటోని కోసమా నా కొడుకు సచ్చింది?”

“సూరత్‌కు వచ్చిన కొత్తల,” అన్నాడు బ్రహ్మచారి ఉన్నట్టుండి, “నేను గూడ మార్కెట్ల బట్టల మూటలు మోసిన. వీపంత తోలు లేస్తుండె. సంపత్ చిన్నగుండె. రోజు పొద్దుగూకినంక నా వీపుకు కొబ్బరినూనె రాసుకుంట ఏడ్చెటోడు.”

“నువ్వు మాట్లాడకు,” అని కసిరింది వెంకటవ్వ. ఆయన మాట్లాడలేదు. చక్రాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మనోజ్ఞ తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుంది.

“మరి అది పరమవీర చక్రకు చాలదా మమ్మీ?”

“చాలుడు, చాలకపోవుడు గాదు బిడ్డా. శత్రువు ఎదురుంగ ఉన్నప్పుడు చేసినదానికే అది ఇస్తరని నువ్వే చదివినవు గద. వాళ్ళు చేసింది వాళ్ళది. మీ నాయిన చేసింది మీ నాయినది. రేపు నువ్వు లేని చక్రం పేరు చెప్పినవనుకో, ఎన్నడో ఒకనాడు ఎవడో ఒకడు అది అబద్ధమని పట్టుకుంటడు. అప్పుడు ఈ మంచు, ఈ కూలి మనిషి, ఇదంత గూడ అబద్ధమే అంటరు. ఆయన చేసిన నిజం గూడ పోతది. గందుకే నేను ఫ్లెక్సీ దించిన.”

పిల్ల తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. దాంతో వినోద గుండె కాస్త తేలికపడింది.

వెంకటవ్వ మాత్రం కోడలినే చూస్తోంది. “ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“పెట్టె దించంగనే, శత్రువులు నా కొడుకును సంపిండ్రని దాని మీద పడి ఏడ్చినవు. నీ ఏడుపు కాదనే దమ్ము నాకు లేకుండె. తర్వాత నువ్వు ఎన్నడు అడగలే.”

“అడుగుత. ఇప్పుడడుగుత. ఆ కూలోని పేరేంది?”

“తెల్వదు అత్తమ్మా.”

“బతికి ఉన్నడా?”

“ఆ దినమైతె బతికిండు.”

“పెండ్లాం పిల్లలున్నరా వానికి?”

వినోద తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ ప్రశ్న ఆమెకెప్పుడూ తట్టనే లేదు. వెంకటవ్వ మంచం దిగి, మొహం కడుక్కుని, జుట్టు ముడేసుకుంది. కోపంతో చేస్తోందో దుఃఖంతో చేస్తోందో చూసేవాళ్ళకు అంతుపట్టలేదు. కళ్ళలో తడి మాత్రం ఆరిపోయింది.

అన్నమాట ప్రకారం ఐదు కొట్టేసరికి రఘుపతి వచ్చాడు. చుట్టిన కొత్త ఫ్లెక్సీ భుజాన ఉంది. ఈసారి నిచ్చెనవాళ్ళతో పాటు గల్లీలోని పది మందిని వెంటబెట్టుకొచ్చాడు. ఇంట్లో పెద్దలు చెప్పినట్టు చేస్తానని పొద్దున అన్నాడు కదా, ఆ పెద్దలు చెప్పే మాటకు సాక్షులన్నమాట.

వినోద గుమ్మానికి అడ్డం నిలబడింది. “పిల్ల ఆ రెండు మాటలు చెప్పదన్నా.”

“నువ్వు జర్ర పక్కకు జరుగు చెల్లె. నేను అవ్వనడుగుత. అవ్వా, నీ కొడుకు పేరు మీద గల్లీ గావాల్నా, వద్దా? నువ్వు ఊ అంటె కడ్త, లేకుంటె ఎత్తుకపోత.”

వెంకటవ్వ వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఆరేళ్ళలో ఆమె ఆ గుమ్మం దగ్గరికి రావడమే అరుదు. బయట ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేశారు.

“పిల్ల గా మాట చెప్పది రఘుపతీ,” అంది.

రఘుపతి నీరుగారిపోయాడు. వినోద తన చెవులను తనే నమ్మలేకపోయింది.

“నేను చెప్త,” అంది వెంకటవ్వ. “రేపు మైకు నాకియ్యి. కన్నదాన్ని నేను. నా కొడుకు ఎట్ల సచ్చిండో నేను చెప్త. అప్పటిదాంక గా ఫ్లెక్సీ ఇప్పకు.”

రఘుపతి మొహం మళ్ళీ వెలిగింది. కన్నతల్లే మైకు పట్టుకుంటే అంతకన్నా కావాల్సిందేముంది? “బరాబర్ అవ్వా. కార్పొరేటర్ పక్కనే కుర్చీ ఏపిస్త. పరమవీర చక్ర అని ఒక్కసారి గట్టిగ అంటె చాలు, మిగతాది నేను చూసుకుంట. అంటవు గద?”

వెంకటవ్వ ఊ అనలేదు, ఊహూ అనలేదు. “పోయి రా,” అంది. పెద్దావిడ మౌనాన్ని అతను తనకు అనుకూలంగానే తీసుకున్నాడు. జనాన్ని వెంటబెట్టుకుని హుషారుగా వెళ్ళిపోయాడు.

తలుపు దగ్గర అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు.

“ఏం చెప్తవత్తమ్మా రేపు?”

“రేపు ఇంటవు గద.”

“నాకిప్పుడు చెప్పు.”

“ఆరేండ్లు నువ్వు నాకు చెప్పలే. ఒక్క రాత్రి నేను నీకు చెప్పకుంటె ఏమైతది?” అంది వెంకటవ్వ. ఆ మాటలో దెప్పిపొడుపు ఉంది, అది కాక ఇంకేదో కూడా ఉంది. అదేమిటో వినోద పోల్చుకోలేకపోయింది. “నన్ను అడుగుడు గాదు, నేను నిన్నడుగుతున్న. నాకు కాళ్ళు వణుకుతయి, అంతమందిల నిలబడి ఎరుగ. రేపు నా పక్కన నిలబడ్తవా?”

నిలబడితే, అత్త చెప్పే ప్రతి మాటకూ వినోద సాక్షి అవుతుంది. అబద్ధం చెప్పినా సరే. నిలబడకపోతే, కొడుకు పోయిన తల్లిని ఒంటరిగా జనం ముందుకు తోసినదవుతుంది. వెనక మనోజ్ఞ, బ్రహ్మచారి చూస్తున్నారు.

“నిలబడ్త,” అంది వినోద. “కని అత్తమ్మా, నువ్వు లేని చక్రం ఉన్నదన్నవనుకో, అందరి ముందట, కార్పొరేటర్ ముందట, మైకు నీ చేతులకెల్లి గుంజుకుంట.”

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె అత్తతో అలాంటి మాట అనడం అదే మొదలు. బ్రహ్మచారి చాప మీంచి సగం లేచాడు.

వెంకటవ్వ కోడలిని కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది.

“గుంజుకో,” అంది. “గుంజుకునే దమ్ము లేకుంటె నా పక్కకే రాకు.”